తొమ్మిదో నంబరు గది ముందు ఫోటో

కోల్‌కతా
3 జూన్ 2024

చిన్నతాతకి పుష్ప నమస్కారాలు.

కవరు లావుగా ఉందని కంగారు పడకు. లోపల రెండు అట్టముక్కల మధ్య ఒక ఫోటో ఉంది, పోస్టువాళ్ళు వంచేస్తారని అలా పెట్టాను. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకి మోకాళ్ళ నొప్పి మామూలే, నాన్నకి ఇంక ఇరవయ్యేడు రోజుల డ్యూటీ. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. వాట్సాప్‌లో బొమ్మ పంపితే "అగ్గిపెట్టె మీద బొమ్మ చూపించి ఫోటో అంటారేటి, కాగితం మీద పంపమను" అని అత్తని తిట్టావట. అందుకే ఈ ఉత్తరం. నా తెలుగులో తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్ది పంపకు. పోయినసారి నాన్న చూసి వారం రోజులు నవ్వాడు.

నేను న్యూ టౌన్ స్టూడియోలో చేరి ఎనిమిది నెలలైంది కదా. అక్కడ నా పని ఏమిటో వింటే నువ్వూ నవ్వుతావు. కొత్త ఫోటోలని పాతవి చెయ్యడం. పెళ్ళి కుదిరినవాళ్ళు వస్తారు, ఇద్దరూ ఐటీయే. అమ్మాయి బామ్మ చీర కట్టుకుంటుంది, అబ్బాయి అద్దెకి తెచ్చిన పాత స్కూటర్ ఎక్కుతాడు. "డెబ్బైల్లో తీసినట్టు రావాలి" అంటారు. నేను కంప్యూటర్లో ఒక్కో పొరా వేసుకుంటూ పోతాను. రంగు వెలిసిపోయినట్టు ఒక పొర, ఫిల్ము గరుకు చుక్కలు ఒక పొర, గీతలు ఒక పొర, మూలలు నల్లబడినట్టు ఇంకో పొర. పోయిన వారం లక్ష్మీసౌజన్య అని విశాఖ అమ్మాయి వచ్చింది. ఆమె చేతికున్న స్మార్ట్ వాచీ చెరిపి గాజులు తొడిగేసరికి నాకు సగం రోజు పట్టింది. వాళ్ళింట్లో అసలైన పాత ఫోటోలు బీరువా నిండా ఉన్నాయట. అయినా వీళ్ళవి పాతగా కనపడాలట.

బస్సులో ఇంటికొస్తుంటే మన ఇంట్లో ఒక్కటీ లేదని గుర్తొచ్చింది. తాతది డ్యూటీ కార్డు మీద ఉన్నది ఒకటే. నాయనమ్మది ఓటరు కార్డు మీది. నాన్న చిన్నప్పటిది అసలే లేదు. అందుకని నాన్న రిటైర్మెంటుకి నేనే ఒకటి తయారుచేశాను. మన గది తలుపుని ఫోన్‌తో తీసి, కరెంటు మీటరూ డిష్ వైరూ చెరిపేశాను. దాని ముందు తాతనీ నాయనమ్మనీ నిలబెట్టాను. మొహాలు వాళ్ళవి, ఒళ్ళు మా స్టూడియోలో పనిచేసేవాళ్ళవి. మధ్యలో ఎనిమిదేళ్ళ నాన్న. ఆ మొహం ఎవరిదో చెప్పుకో చూద్దాం.

ముప్పై ఏళ్ళు స్టూడియోలో రీటచింగ్ చేసినవాడివి. ఏది తప్పో మొహమాటం లేకుండా రాయి.

నీ మనవరాలు,
పుష్పరాణి

పలాస
12 జూన్ 2024

అమ్మలు పుష్పకి చిన్నతాత దీవెనలు. చెవులు తప్ప మిగతా అవయవాలన్నీ పనిచేస్తున్నాయి.

ఫోటో చూశాను. మొదట తలుపు చూశాను. తర్వాత అన్నయ్యని చూశాను. చూసి కాసేపు పక్కన పెట్టేశాను. అత్త "ఏటైంది నాన్నా" అని అడిగిందట, నేను తల ఎత్తలేదట. ఇప్పుడు తప్పులు చెబుతాను, రాసుకో.

ఒకటి, మూలన నారింజ రంగులో తేదీ అచ్చు వేశావు. డెబ్బై రెండులో ఆ అంకెలు ఎక్కడివే? తేదీ కొట్టే కెమెరాలు నాకు పెళ్ళయి పదేళ్ళయ్యాక చూశాను. తీసెయ్. రెండు, గోధుమరంగు. మీ తరానికి పాతదంటే గోధుమరంగే. అప్పుడు మేం తీసింది తెలుపూ నలుపూ. కడగడం సరిగ్గా లేక, కడిగే హైపో మందు కాగితంలో ఉండిపోతే, ఏళ్ళు గడిచాక పసుపు తిరిగేది, అదీ అంచుల దగ్గర మొదలై. నువ్వు పళ్ళెంలో టీ పోసినట్టు అంతటా ఒకేలా పోశావు. మూడు, గరుకు. తెల్లని చోటా చిక్కని నలుపులోనూ అది అంతగా కనపడదు, మధ్య బూడిదరంగులోనే తెలుస్తుంది. నాలుగు, గీతలు మొహాల మీద పడవు. ఫోటోని అందరూ పట్టుకునే చోట, అంటే కింది అంచున, వేళ్ళ ముద్రలు పడతాయి.

అన్నిటికంటే పెద్ద తప్పు వెలుగు. అన్నయ్య మొహం మీద కుడి నుంచీ, వదిన మొహం మీద ఎడమ నుంచీ పడుతోంది. మన సందులో ఇద్దరు సూర్యుళ్ళు ఎప్పుడు ఉన్నారు? పొద్దున్న పది దాకా ఎడమ నుంచే వస్తుంది, నాకు బాగా తెలుసు. అన్నయ్య ఒక చెయ్యి పిల్లాడి భుజం మీద వెయ్యి. ఉత్తి చేతులతో నిలబడితే డ్యూటీ కార్డులాగే ఉంటాడు.

ఆ పిల్లాడి చెవులు మీ నాన్న గురువులువి కావు. నీవి. పేలు పడి గుండు కొట్టించిన ఏడాది అత్త పెళ్ళికి వచ్చినప్పుడు చూశాను, మర్చిపోతానా.

దిద్ది మళ్ళీ పంపు. చాలా కాలానికి పనికొచ్చే ఉత్తరం వచ్చింది నాకు.

నీ చిన్నతాత,
గవరయ్య

కోల్‌కతా
8 జులై 2024

చిన్నతాతా,

నువ్వు చెప్పినవన్నీ దిద్దాను. కొత్త కాపీ ఇందులో పెట్టాను. మా స్టూడియోలో అందరూ గుమిగూడి చూశారు. ఓనరు దాదా అయితే "ఏ ఛొబి కోథాయ్ పేలి?" అని రెండుసార్లు అడిగాడు, ఎక్కడ దొరికిందని. చేశానంటే నమ్మలేదు. నాకు ఎంత గర్వం వేసిందో రాయలేను.

నాన్న రిటైర్మెంటు బాగా జరిగింది. దండలు వేశారు, గొడుగు ఇచ్చారు, మిష్టి మిఠాయిలు పంచారు. సందులో పద్దెనిమిది గదులవాళ్ళూ వచ్చారు. అప్పుడు ఫోటో మీద గుడ్డ తీశాను.  నాన్న దగ్గరికి వెళ్ళి అద్దం మీద తాత చెయ్యి ఉన్నచోట చెయ్యి పెట్టాడు. తర్వాత ఏడ్చాడు తాతా, అందరి ముందూ, చిన్నపిల్లాడిలా. ఎక్కడిదే అని అడిగాడు. "చిన్నతాత సాయం చేశాడు, నేను కంప్యూటర్లో చేశాను" అన్నాను. అంతే. నేను చినిగిన ఫోటోలు బాగుచేస్తుంటే ఆయన చూస్తుంటాడు కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాడు. నువ్వు పాత నెగెటివ్ ఏదో దాచి పంపావనుకున్నాడు. "సిన్నాన్న తీసేడ్రా ఇది! నాకు గేపకం ఉంది, ఆ రోజు నాకు సొక్కా లేదని పక్కింటోళ్ళది ఏసేరు" అని అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్ళ ముందు కాదని అనలేకపోయాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఎనిమిది రోజులైంది, ఇంకా చెప్పలేదు. రోజూ పొద్దున్న టీ తాగుతూ ఆ ఫోటోకి ఎదురుగా కూర్చుంటాడు. ఎలా చెప్పను?

ఇంకో సంగతి. సందుకి గవర్నమెంటు నోటీసు వచ్చింది. ఇవన్నీ పడగొట్టి ఐదంతస్తుల ఇళ్ళు కడతారట. 1975కి ముందు నుంచీ ఉన్నట్టు కాగితం చూపించినవాళ్ళకే అందులో ఇల్లు, మిగతావాళ్ళు వాళ్ళ దారి వాళ్ళు చూసుకోవాలట. తాత ఉద్యోగం కాగితాలు ఉన్నాయి గానీ ఏ గదిలో ఉన్నాడో వాటిలో లేదు. మిగతావి డెబ్బై ఎనిమిది వరదలో పోయాయని నాయనమ్మ అనేది. నాన్న ఏదో తిరుగుతున్నాడు.

నీ పుష్ప

పలాస
20 జులై 2024

అమ్మలూ,

కొత్త కాపీ అదిరింది. నేనే తీశాననుకున్నాను ఒక్క క్షణం. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను, నీ చెవులు తప్ప ఎక్కడా దొరకలేదు.

గురువులు నేను తీశానని చెప్పుకుంటే చెప్పుకోనీ. దానివల్ల ఎవరికేం నష్టం? అరవై ఏళ్ళవాడు తండ్రి పక్కన నిలబడ్డానని సంతోషిస్తుంటే నువ్వెళ్ళి లేదు లేదు అనక్కర్లేదు. నీకు చాదస్తం ఎక్కువ, మీ నాయనమ్మ పోలిక.

ఈ కవర్లో ఒక అట్ట పంపుతున్నాను. స్టూడియో మూసేసినప్పుడు నా పెట్టెలో వచ్చిన కార్డుల్లో ఇదొకటి. ఫోటోలు వీటి మీదే అతికించి ఇచ్చేవాళ్ళం. ముందువైపు సన్నని గీత నొక్కి ఉంటుంది చూడు, వెనక స్టూడియో ముద్ర. అసలైన కార్డు ఉండగా ప్లాస్టిక్ ఫ్రేము ఏం బాగుంటుంది? గోధుమపిండి జిగురుతో అతికించు, గోందు వాడితే బుడగలొస్తాయి. బరువు పెట్టి ఒక రోజంతా వదిలెయ్. వెనక నా చేత్తోనే పెన్సిల్‌తో రాశాను, గది నంబరూ, 1972 అనీ. మేం అలాగే రాసేవాళ్ళం, నంబరూ సంవత్సరమూ.

నోటీసుల గురించి బెంగ పెట్టుకోకు. నేను ఆ సందులో ఉన్నప్పటి నుంచీ పడగొడతామనే అంటున్నారు.

ఇక్కడ జీడిపప్పు బాగా దిగింది. అత్త పార్సిల్ కడుతోంది.

గవరయ్య

కోల్‌కతా
19 ఆగస్టు 2024

చిన్నతాతా,

ఇది చదివేటప్పుడు కూర్చో.

నాన్న ఫోటోని నోటీసు పంపిన ఆఫీసులో ఇచ్చేశాడు. నేను డ్యూటీకి వెళ్ళినప్పుడు గోడ మీంచి తీసి, గుడ్డలో చుట్టి పట్టుకెళ్ళి అర్జీతో పాటు పెట్టాడు. 1972 నుంచీ తొమ్మిదో నంబరులో ఉన్నామనడానికి రుజువు అని. అక్కడి గుమాస్తా బాబు వెనక్కి తిప్పి చూశాడట. నేను అతికించిన నీ కార్డు, స్టూడియో ముద్ర, నీ పెన్సిల్ రాత. "ఇలాంటిది ఇంకెవరూ తేలేదు" అన్నాడట. మా నాన్న ఛాతీ ఉబ్బించుకుని ఇంటికొచ్చాడు. ఎవరు తీశారని అడిగితే నీ పేరు చెప్పాడు. బతికున్నాడని కూడా చెప్పాడు. అయితే తీసుకురండి, సెప్టెంబరు పన్నెండో తారీఖు విచారణ, ఆయన వచ్చి సంతకం పెడితే సరిపోతుంది అన్నారట.

నేను చెప్పేశాను తాతా. ఆ సాయంత్రమే. ఇది నేను చేసింది నాన్నా, తాత ఒళ్ళు మా స్టూడియోలో తపన్‌ది, మధ్యలో మొహం నాది అన్నాను. నా గుండు ఫోటో తెచ్చి పక్కన పెట్టాను. రెండూ చూసి నవ్వాడు. "నువ్వు నా కూతురివి గాదేటే? నా పోలిక గాక ఎవుల పోలిక వస్తాది?" అన్నాడు. ఇంకా గట్టిగా చెప్పేసరికి కోపం వచ్చింది. ఆఫీసుకి భయపడి అబద్ధాలాడుతున్నానట. "ఆ రోజు మా నాన్న సెయ్యి నా బుజం మీద ఉంది. నా బుజానికి తెల్దా?" అని లేచి వెళ్ళిపోయాడు. ఆ చెయ్యి నువ్వు వెయ్యమంటే నేను వేసింది తాతా. తపన్ చెయ్యి అది.

అమ్మని అడిగితే "ఇల్లొస్తాది గదా, నోరు మూసుకో" అంది.

సందులో ఇంక నేను తల ఎత్తుకుని నడవలేకపోతున్నాను. ఫోటో రుజువుగా పనికొచ్చిందని నాన్న అందరికీ చెప్పేశాడు. కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటుంటే ఒకరి తర్వాత ఒకరు వస్తున్నారు. మా మావయ్యది చెయ్యవా, మా అత్తది చెయ్యవా అని. మాది పాత నెగెటివ్ అని నేను చెప్పాలి, లేదంటే నాన్న దొంగ అవుతాడు. చెబితే నేను దొంగని. పదో నంబరు దుర్గాదేవి అత్త మటుకు ఏమీ అడగలేదు. బిందె పక్కకి జరిపి, నవ్వి, "ఆ గుండు నేనే కొట్టించేను గదే నీకు" అంది. నీళ్ళు పట్టకుండానే వచ్చేశాను.

 స్టూడియోకి వెళితే అక్కడా అదే పని, కొత్తదాన్ని పాతది చెయ్యడం. ఒకప్పుడు ఎంత ఇష్టంగా చేసేదాన్ని! ఇప్పుడు ఆ పొరలు వేస్తూ సగంలో ఆపేసి లేచిపోతున్నాను. ఫోటో వెనక్కి తీసుకుంటే ఎందుకని అడుగుతారు. తీసుకోకపోతే పన్నెండో తారీఖు వస్తుంది. ఎటు తిరిగినా గోడే.

నేను చెబితే నాన్న వినడు. నువ్వు చెబితే వింటాడు. నువ్వు తీయలేదని నాన్న పేరు మీద ఒక ఉత్తరం రాయి. బతిమాలుతున్నాను.

పుష్ప

పలాస
30 ఆగస్టు 2024

అమ్మలూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కార్డు పంపిన చెయ్యి నాది. చాదస్తమని నిన్ను వెక్కిరించింది కూడా నేనే. ముందు అది ఒప్పుకుంటున్నాను.

గురువులుకి ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. రెండు రోజులు కూర్చున్నాను. ఒక్క వాక్యం నడవలేదు. ఎందుకో నీకు చెబుతాను, నువ్వు ఎవరికీ చెప్పొద్దు.

ఆ గదిలో నేనూ ఉండేవాణ్ణి, అన్నయ్యా వదినా గురువులుతో. అరవై తొమ్మిదిలో అన్నయ్య నన్ను ఊరి నుంచి తీసుకొచ్చాడు. ఆయన మురుగు కాలవల్లోకి దిగేవాడు, నన్ను దిగనివ్వలేదు. ఎవరినో పట్టుకుని స్టూడియోలో పెట్టించాడు. అక్కడ నేను ఎవరి తమ్ముణ్ణో, మా అన్న ఏం పని చేస్తాడో చెప్పలేదు. రైల్వేలో క్లర్కు అన్నాను. అక్కడ మంచినీళ్ళ కుండ ఒకటే ఉండేది పుష్పా, చెబితే ఏం జరిగేదో నాకు తెలుసు.

డెబ్బై రెండులో ఒక ఆదివారం అన్నయ్య స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, వదిననీ పిల్లాణ్ణీ తీసుకుని స్టూడియోకి వచ్చాడు. నేను రమ్మనలేదు. నాకు చెబితే వద్దంటానని చెప్పకుండా వచ్చాడు. గురువులుకి నిజంగానే ఎవరిదో చొక్కా తొడిగారు. వాడికి గుర్తున్నది అదీ. అది అబద్ధం కాదు. ఓనరు లోపల ఉన్నాడు. నేను గుమ్మం దగ్గరికి వెళ్ళి, తెలియనివాళ్ళతో మాట్లాడినట్టు, బెంగాలీలో, ఈ రోజు ఫోటోలు తియ్యట్లేదు అన్నాను. అన్నయ్య నా వంక చూశాడు. సరే బాబూ అన్నాడు. నన్ను బాబూ అన్నాడు. వెనక్కి తిరిగి, పిల్లాడి భుజం మీద చెయ్యి వేసి నడిపించుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళితే ఏమీ జరగనట్టే అన్నం పెట్టించాడు. బతికినన్నాళ్ళూ దాని గురించి ఒక్క మాట అనలేదు. ఊళ్ళో వాళ్ళందరి పెళ్ళిళ్ళకీ ఫోటోలు దిద్దాను నేను. మా అన్నయ్యది ఒక్కటి తీయలేదు.

ఇది కాగితం మీద వాడికి పంపలేను. మొహం చూసి చెప్పాలి. వస్తున్నాను. పదో తారీఖు బయలుదేరి పదకొండున పొద్దున్న సంత్రాగాఛి స్టేషన్‌లో దిగుతాను. విచారణకి ముందే వాడికి చెప్పి, ఆఫీసులో కూడా నేను తీయలేదనే చెబుతాను. నేను ఆ గదిలో ఉన్నానన్నది నిజం కదా, అదే రాసిస్తాను. ఏమవుతుందో అవనీ. నువ్వు బెంగ పెట్టుకోకు.

నీ చిన్నతాత

పలాస
21 సెప్టెంబరు 2024

అమ్మలూ,

విచారణ రోజు నీకు సెలవు దొరకలేదు. సాయంత్రం నువ్వు వచ్చేసరికి నేను రైలెక్కేశాను. కావాలనే ముందు బండి ఎక్కాను. నీ మొహం చూడలేక. జరిగింది మీ నాన్న నీకు ఒకలా చెప్పి ఉంటాడు, నేను చెప్పాల్సింది చెబుతాను.

పదకొండున నన్ను స్టేషన్ నుంచి తీసుకొచ్చి, గోడ మీద నువ్వు మళ్ళీ వేయించిన కాపీ ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. నువ్వూ మీ అమ్మా బజారుకి వెళ్ళాక మొదలుపెట్టాను. "ఒరే గురువులూ, నేను మీ నాన్నని ఫోటో తీయలేదురా" అన్నాను. నాకు వినపడదు గనక నోట్‌బుక్కు తెచ్చాడు. అందులో రాశాడు, "మరిసిపోనావు సిన్నాన్నా. నీకు వయసైపోయింది" అని. నేను స్టూడియో గుమ్మం సంగతి ఎత్తాను. ఎత్తానే గానీ చెప్పలేదు. ఆ రోజు మీ నాన్న పంచె కట్టుకొచ్చాడు అన్నాను, అక్కడికే వాడి మొహం వెలిగిపోయింది. "సూసేవా, గేపకం వచ్చింది" అని రాశాడు. 

ఆఫీసులో చెబుతానులే అనుకున్నాను. మర్నాడు గుమాస్తా బాబు మర్యాదగానే కుర్చీ ఇచ్చాడు. నాకు చెవుడని కాగితం మీద బెంగాలీలో రాసి నా ముందుకి తోశాడు. ఈ ఫోటో తీసింది మీరేనా అని. కలం చేతిలోకి తీసుకున్నాను. లేదు అని రాద్దామనే. అప్పుడు గురువులు ఆయనకి ఏదో చెబుతున్నాడు. వినపడలేదు గానీ చేతులు చూశాను. నేల నుంచి ఇంత ఎత్తుండేవాణ్ణి అని చూపించాడు. నాన్న ఇక్కడ, అమ్మ ఇక్కడ అని వేలితో చూపించాడు. తర్వాత తన భుజం మీద తనే చెయ్యి వేసుకున్నాడు, అలాగే ఉంచాడు. నేను లేదని రాస్తే ఆ చెయ్యి తీసెయ్యాలి వాడు.

అవును అని రాశాను. సంతకం పెట్టాను.

వాడి కోసమే రాశానని నీకు చెబితే అదింకో అబద్ధం. ఆ కాగితం మీద, ప్రభుత్వం ముద్ర కింద, గవరయ్య తన అన్నని ఫోటో తీశాడని ఉంది. రైలెక్కాక సిగ్గు వేస్తుందనుకున్నాను. సంతోషం వేసింది పుష్పా. ఖరగ్‌పూర్ దాకా సంతోషంగానే ఉన్నాను. తర్వాత నువ్వు గుర్తొచ్చావు.

నా ఉత్తరాలు చింపెయ్. నీవి నేను పొయ్యిలో వేశాను. ఇదీ చదివి చింపెయ్. ఇంక దీని సంగతి ఇంతటితో అయిపోయింది.

గవరయ్య

కోల్‌కతా
5 నవంబరు 2024

చిన్నతాతా,

నీ ఉత్తరాలు చింపలేదు. నిజం రాసి ఉన్న కాగితాలు మన ఇంట్లో అవే. బియ్యం డబ్బా అడుగున పెట్టాను.

నువ్వలా చేశావని మొదట నీ మీద చాలా కోపం వచ్చింది. నెల పైగా ఉత్తరం రాయలేదు అందుకే. నువ్వు వచ్చి లేదని చెబుతావన్న ఒక్క ఆశతో ఉన్నాను నేను. ఆ రోజు స్టూడియోలో ఎవరికో పెళ్ళి ఫోటోలు పసుపు తిప్పుతూ, ఈపాటికి తాత చెప్పేసి ఉంటాడు అనుకుంటూ కూర్చున్నాను. ఇంటికొస్తే గుమ్మంలో మిఠాయి పొట్లం. నీ చెప్పులు లేవు.

జాబితా పోయిన వారం అంటించారు. తొమ్మిదో నంబరు, గురువులు, రెండో అంతస్తు. పద్దెనిమిది గదుల్లో ఏడింటికే వచ్చింది. నాన్న రోజూ వెళ్ళి తన పేరు చదువుకుని వస్తున్నాడు. నేను ఇల్లు వదిలి హాస్టల్‌కి పోతానంటే, ఇల్లొచ్చాక పోతావేటే అని అమ్మ ఏడ్చింది. పని మానేస్తానంటే ఇంట్లో ఇప్పుడు నా జీతం ఒక్కటే కదా అంది. అక్కడితో ఆగిపోయాను.

మొన్న ఆదివారం దుర్గాదేవి అత్త వచ్చింది. ప్లాస్టిక్ కవర్లో వాళ్ళ మావయ్య ఆస్పత్రి కార్డు, అత్తగారి రేషన్ కార్డు. వాళ్ళ పేరు లేదు జాబితాలో. అప్పీలుకి నెల గడువుందట. మంచం మీద కూర్చుని కార్డులు ఒక్కొక్కటే తీసి నా ముందు పెట్టింది. బెదిరించలేదు. గుండు మాట ఎత్తనేలేదు. "మీ సిన్నతాత సందు మొత్తం తీసేడంట గదే ఆ రోజు. మాదీ ఉంటాది, ఎతికి పెట్టమ్మా" అంది.

వాళ్ళు వచ్చింది వరద తర్వాత. ఆ సంగతి ఆమే నాకు చిన్నప్పుడు కథలా చెప్పేది, సామానంతా నెత్తిన పెట్టుకుని ఖాళీ గది చూసి దూరామని. నేను ఆమె మొహం చూశాను. ఆమె కార్డుల వంక చూస్తోంది. ఆమెకీ అరవై దాటాయి. కొడుకు లేడు. ఎక్కడికి పోతుంది?

లేదత్తా, తాత ఒక్క మాదే తీశాడు అందామని నోరు తెరిచాను. నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "అందర్నీ తీసేడు. నాకు గేపకం ఉంది" అన్నాడు. "వరసగా తలుపుల ముందు నిలబెట్టేడు. పదో నంబరోళ్ళు మా పక్కనే. ఆళ్ళ మావకి సేతిలో కర్ర ఉంది." తాతా, అబద్ధమాడుతున్న మొహం కాదది. ఆయనకి నిజంగా కనపడుతోంది. కర్ర కూడా కనపడుతోంది. ఇంక నేను ఎవరికి చెప్పను? చెప్పాలంటే నిన్ను చెప్పాలి, నీ సంతకం చెప్పాలి, మా నాన్నని చెప్పాలి.

లాప్‌టాప్ తెరిచాను. పదో నంబరు తలుపు ఫోన్‌తో తీసుకొచ్చాను. మీటరు చెరిపాను. ఎడమ నుంచి వెలుగు పెట్టాను, పది గంటల వెలుగు. దుర్గాదేవి అత్త నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చూస్తూనే ఉంది. వాళ్ళ మావయ్య చేతికి కర్ర ఇచ్చాను.

వెనకాల రాయడానికి కావాలి. వీళ్ళని నువ్వు ఏ సంవత్సరంలో తీశావో రాసి పంపు.

పుష్ప